ఒకటికి పది చుట్లు

జూన్ 4

బాబాయ్‌కి,

ఈ ఉదయం కుళాయి కింద పెట్టిన బకెట్ నిండి పొర్లిపోయి, నా చెప్పు ఒకటి నీళ్ల మీద గడప దాకా తేలి వచ్చింది. నేను ఐదడుగుల దూరంలో కుర్చీలో కూర్చుని చదువుకుంటున్నాను. కింది వాటా టైలరమ్మ పైకి వచ్చి, "ఇంత చప్పుడవుతుంటే ఏ లోకంలో ఉన్నావమ్మా?" అంది. చప్పుడు నాకు తెలియలేదు. అంత మంచి పుస్తకమేం కాదు కూడా.

ఉత్తరం ఎందుకంటే, నా ఫోను పాడయింది. అవతలివాళ్లు గోనెసంచిలో నుంచి మాట్లాడుతున్నట్టుంటుంది. మొన్న మీరు చేసినప్పుడు నేను "ఆఁ, ఆఁ" అన్నవన్నీ ఏమీ వినపడక అన్నవే. పిన్ని ఏదైనా అడిగి ఉంటే, దేనికి ఒప్పుకున్నానో తెలియజేయండి.

అసలు సంగతి ఇది. నేను చదువుకున్న స్కూల్లో మ్యూజిక్ గది మూసేశారు. పాటలు నేర్పిన సిస్టర్ విశ్రాంతికి వేరే కాన్వెంటుకు వెళ్లిపోతూ తన రికార్డు ప్లేయరు, ఆంప్లిఫయరు, రెండు స్పీకర్లు, ఒక పెట్టెడు రికార్డులు నాకిచ్చారు. "నువ్వయితే గట్టిగా పెట్టి ఎవరినీ విసిగించవు" అన్నారు. వాటిలో మా స్కూలు పిల్లలు పాడిన రికార్డు ఒకటుంది. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా తీసింది. రెండో వరసలో కుడి చివర నేను.

గట్టిగా పెట్టాలన్నా అది మోగదు. గోడ అవతల ఎవరో పాడుకుంటున్నట్టు సన్నగా వస్తుంది, అంతే. సామాన్ల దుకాణం ఆయన చూసి, సూది బిగించి ఉన్న గోరంత ముక్కను, అదే కార్ట్రిడ్జ్‌ను చూపించి, "ఇది చిన్న గొంతుది. మధ్యలో స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టాలి. నా దగ్గర ఒకటికి ముప్పై ఉన్నాయి, గది అదిరిపోతుంది" అన్నాడు. నాకు గది అదరనక్కర్లేదు. ఆలోచించుకుని వస్తానని చెప్పి వచ్చేశాను. తర్వాత ఆ వీధిలో వెళ్లడం మానేశాను, అడుగుతాడేమోనని.

మీరు ఇంకా ట్రాన్స్‌ఫార్మర్లు చుడుతున్నారా?

మీ చెవులపిల్లి


జూన్ 11

చెవులపిల్లీ,

నీ ఉత్తరం పిన్ని చదివి వినిపించింది. నా కుడికంట్లో శుక్లం తీసి నెలయింది. అక్షరాలు చదవగలను గానీ, డాక్టరు చదవొద్దన్నాడని చెప్పి చదివించుకుంటున్నాను. ఈ సుఖం ఇంకో నెల ఉంటుంది.

దేనికి ఒప్పుకున్నావంటే, సెలవుల్లో వచ్చి పది రోజులుంటావా అని అడిగింది. "ఆఁ" అన్నావు. ఇంక తప్పదు.

ఇంకా చుడుతున్నారా అని అడుగుతావేం? చుట్లు మానేస్తే నాకు మిగిలేది చుట్టాలే. వాళ్లతో నేను పడలేను. (ఇది పిన్నిని: ఈయనకు చుట్లున్నాయి గానీ చుట్టాల్లేరమ్మా, నువ్వు తప్ప.)

ఆ దుకాణం వాడి ముప్పైకి దణ్ణం పెట్టి రా. చెప్పేది జాగ్రత్తగా విను. కార్ట్రిడ్జ్ కడుపులో వెంట్రుక కన్నా సన్నటి తీగ చుట్లు రెండుంటాయి. ఒకటి ఎడమ స్పీకరుకి, ఒకటి కుడి స్పీకరుకి. ఆ తీగకు తనదైన నిరోధం ఉంటుంది, ఇన్ని ఓములని. అది ఎంత శబ్దం పుట్టిస్తుందో దానికీ ఒక లెక్క ఉంటుంది, మిల్లీవోల్టుల్లో. ఈ రెండు అంకెలూ తెలియకుండా ట్రాన్స్‌ఫార్మర్ చుట్టడం అంటే, పిల్లను చూడకుండా జాకెట్టు కుట్టడమే. మీ టైలరమ్మను అడుగు.

దాని తాలూకు కాగితం ఎక్కడో ఉంటుంది. వెతికి ఆ రెండు అంకెలూ రాసి పంపు.

ఫోను బాగు చేయించుకో.

బాబాయ్


జూన్ 17

బాబాయ్‌కి,

కాగితం దొరికింది. రికార్డుల పెట్టె అడుగున, సిస్టర్ పాత చేతిరుమాలులో మడిచి ఉంది. సొంత నిరోధం నలభై ఓములు. శబ్దం సున్నా పాయింట్ మూడు మిల్లీవోల్టులు. మూడోది కూడా ఒకటుంది, సూది రికార్డు మీద మోపాల్సిన బరువు. అది మీరు అడగలేదు కాబట్టి రాయడం లేదు.

ఫోను బాగు చేసేవాడికి చూపించాను. అతను చెవి దగ్గర పెట్టుకుని ఎవరితోనో నవ్వుతూ మాట్లాడి, "ఏం లేదు మేడమ్, బ్రహ్మాండంగా ఉంది" అని తిరిగిచ్చాడు. అతనికి బాగానే ఉంటుంది. నాకిస్తే మళ్లీ గోనెసంచే.

లైబ్రరీలో పని మామూలే. కొత్త పుస్తకాలకు అట్టలు వేసి, నంబర్లు రాసి, కార్డులు నింపుతాను. ఈ మధ్య అక్కడందరూ ఇంకా మెల్లగా మాట్లాడుతున్నారు. పాఠకులకు క్రమశిక్షణ పెరిగిందని మా పెద్ద లైబ్రేరియన్‌తో అన్నాను. ఆయన నా వైపు అదోలా చూశారు. సాయంత్రమయ్యేసరికి మాత్రం ఎందుకో ఒళ్లు అలిసిపోతోంది. ఏమీ మోయకుండానే.

మీ కన్ను జాగ్రత్త. చుక్కలు మానకండి.

మీ చెవులపిల్లి


జూలై 2

చెవులపిల్లీ,

రెండు ట్రాన్స్‌ఫార్మర్లూ వేరే పార్సిల్లో వస్తున్నాయి. చిన్న ఇనుప డబ్బాల్లో ఉంటాయి. ఎర్ర చుక్క ఉన్నది కుడికి, చుక్క లేనిది ఎడమకి. ఆంప్లిఫయరుకు దూరంగా పెట్టు, లేకపోతే దాని మూలుగు వీటికి అంటుకుంటుంది.

ఒకటికి పది చుట్టాను. ఎందుకో చెబుతాను, నీకు లెక్కలంటే ఇష్టం కదా. నీ ఆంప్లిఫయరు నలభై ఏడు వేల ఓములు. ట్రాన్స్‌ఫార్మర్ మధ్యలో కూర్చుంటే కార్ట్రిడ్జ్‌కు అది నలభై ఏడు వేలలా కనిపించదు. పదిని పదితో హెచ్చించు, వంద. నలభై ఏడు వేలను వందతో భాగించు, నాలుగు వందల డెబ్భై. ఈ అంకె ఎంత తగ్గితే దాని నెత్తిన అంత బరువు. సొంత నిరోధానికి పదింతలకు తగ్గకూడదని నాకు పని నేర్పినాయన చెప్పేవాడు. నలభైకి పదింతలు నాలుగు వందలు. మనది అంతకన్నా పైనే ఉంది కాబట్టి హాయిగా పాడుతుంది.

అదే ఆ దుకాణం వాడి ముప్పై పెట్టావనుకో, భాగిస్తే యాభై రెండు. నలభై ఓములవాడి నెత్తిన యాభై రెండు! శబ్దం పెద్దగానే ఉంటుంది, కానీ అందులో ఊపిరుండదు. మెల్లగా మాట్లాడేవాణ్ణి మెడ పట్టుకుని అరిపించినట్టుంటుంది. చిన్న గొంతు దగ్గర ఎక్కువ అడగకూడదు. దానికి ఓపిక ఉన్నంతే అడగాలి.

ఇటు నూట యాభై చుట్లు, అటు పదిహేను వందలు, ఒక్కో దానికి. కుడిదానికి పదకొండు వందల దగ్గర ఉండగా కుక్కర్ కూసింది. లెక్క తప్పింది. మొత్తం విప్పి మళ్లీ మొదలుపెట్టాను. ఆపరేషన్ తర్వాత ఇదే మొదటి పని. తీగ ఒక్కోసారి రెండుగా కనిపిస్తుంది. పిన్ని వంటింట్లోంచి మాట్లాడకూడదని ఆంక్ష పెట్టాను. మూడు రోజులు సైగలతో కాపురం చేశాం. బాగానే ఉంది.

మీటరు పెట్టి చూస్తే రెండూ సరిసమానం. కానీ మీటరుదేముంది. నీకు ఎనిమిదేళ్లప్పుడు నా బల్ల కింద కూర్చుని బొమ్మల పుస్తకం చూసుకుంటూ, "బాబాయ్, మూడోదానికి జలుబు చేసింది" అన్నావు. మీటరు బాగుందనే చెప్పింది. విప్పి చూస్తే లోపల రేకు ఒకటి వదులు. ఆ రోజే కదా నువ్వు చెవులపిల్లివయింది. కుందేలు లాగా బెదురుతావని కాదు, అందరూ అనుకున్నట్టు. కాబట్టి మీటరు ఏమన్నా సరే, నువ్వు విని బాగుందంటేనే బాగున్నట్టు.

బాబాయ్


జూలై 9

బాబాయ్‌కి,

పార్సిల్ భద్రంగా చేరింది. ఇనుప డబ్బాల మీద మీరు అతికించిన కాగితాల్లో మీ అక్షరాలు కొంచెం వంకరగా ఉన్నాయి. మూత తీసి చూస్తే తీగలు మాత్రం ఎప్పటిలా నున్నగా, దువ్విన జుట్టులా ఉన్నాయి.

నిన్న సాయంత్రం బిగించాను. రికార్డు పెట్టగానే ముందు సూది దిగిన చప్పుడు, తర్వాత ఎవరో గొంతు సవరించుకోవడం, తర్వాత పాట. గది నిండింది, కానీ అదరలేదు. టైలరమ్మ కింద మిషను ఆపి వింది. "చర్చిలో ఉన్నట్టుందే" అంది. మీకు చాలా కృతజ్ఞతలు.

ఒక్క చిన్న సంగతి. రాయాలా వద్దా అని ఉదయం నుంచీ ఆలోచించాను. బాగుందంటేనే బాగున్నట్టు అన్నారు కాబట్టి నిజం చెప్పాలి. కుడివైపు చిన్నగా ఉంది. ఎడమవైపు ఆడపిల్లలు ఎదురుగా నిలబడి పాడుతున్నట్టుంది. కుడివైపు వాళ్లు పక్కగదిలో ఉన్నట్టున్నారు. నేను నిలబడింది కుడివైపే.

మీ చెవులపిల్లి


జూలై 15

చెవులపిల్లీ,

అనుకున్నాను. కుక్కర్ కూసినప్పుడే అనుకున్నాను. మళ్లీ మొదలుపెట్టిన మాట నిజమే గానీ, రెండోసారి ఏడు వందల దగ్గర కన్ను మసకేసి, అది ఏడు వందలా ఆరు వందలా అని ఒక్క క్షణం సందేహం వచ్చింది. ఏడే అని ముందుకు పోయాను. నలభై ఏళ్లలో ఎప్పుడూ అలా పోలేదు.

ఎర్ర చుక్కది తిప్పి పంపు. మళ్లీ చుడతాను. మొహమాటపడకు. నువ్వు చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు? పిన్ని నేనేం చేసినా బాగుందంటుంది. నలభై ఏళ్లుగా ఆమె పొగడ్త విని విని దానికి విలువ పోయింది. (పిన్ని: ఇంక పొగడను.)

బాబాయ్


ఆగస్టు 6

బాబాయ్‌కి,

మీరు మళ్లీ చుట్టి పంపిన కుడిదాన్ని నాలుగో తేదీనే బిగించాను. రెండు రోజులు విన్నాకే రాయాలని ఆగాను.

ఇంకా అలాగే ఉంది బాబాయ్. కొంచెం మెరుగేమో అని మొదటి రోజు అనుకున్నాను. అది నా ఆశ. నన్ను క్షమించండి. ఇంక వదిలేద్దాం. ఉన్నది చాలా బాగుంది, నిజంగా.

లైబ్రరీలో నన్ను కౌంటరుకు మారుస్తామంటున్నారు. రోజంతా మనుషులతో మాట్లాడాలి. నిన్న ఒక గంట కూర్చోబెట్టి చూశారు. ఒక పెద్దాయన తోటపని పుస్తకం అడిగితే నేను నోటుపుస్తకం తెచ్చిచ్చాను. ఆయన చాలా మర్యాదగా, దాని మీదే తన ప్రశ్న రాసి చూపించారు. వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను.

మీ చెవులపిల్లి


ఆగస్టు 12

చెవులపిల్లీ,

వదిలేద్దాం అనే మాట మన ఇంట్లో మీ నాన్నది. నాకు అంటగట్టకు.

ఈసారి తీగ రెండుగా కనిపించలేదు. ప్రతి వందకూ కాగితం మీద గీత పెట్టుకున్నాను. పిన్ని పక్కన కూర్చుని తనూ లెక్కపెట్టింది. అయినా తప్పు వచ్చిందంటే తప్పు కన్నుది కాదు, చేతిది. తీగను లాగి పట్టడంలో చెయ్యి ఎక్కడో వణుకుతోందన్నమాట. అది నాకు తెలియడం లేదు. తెలియకపోవడమే నన్ను భయపెడుతోంది. తెలిసిన జబ్బుతో పని చేయొచ్చు.

తేల్చుకోవడానికి ఒక దారి ఉంది. రెండు డబ్బాలనూ అటుదిటు చెయ్యి. కుడిది ఎడమకి, ఎడమది కుడికి. అప్పుడు చిన్న శబ్దం ఎడమవైపుకు మారిందా, దోషం డబ్బాలో ఉన్నట్టు, అంటే నా చేతిలో. మారకుండా కుడివైపే ఉండిపోయిందా, నా చుట్లు బాగున్నట్టు. దోషం ఇంకెక్కడో ఉంది.

విని, ఉన్నదున్నట్టు రాయి. మోటారు వైండింగ్ షాపు అతను వచ్చి, "మీ తీగ చుట్టే మిషను ఊరికే ఉంటే నాకిచ్చెయ్యండి పెద్దాయనా" అని రెండోసారి అడిగాడు. వాడికి ఏం చెప్పాలో నీ ఉత్తరం చూసి నిర్ణయించుకుంటాను.

బాబాయ్


ఆగస్టు 18

బాబాయ్‌కి,

మీరు చెప్పినట్టే డబ్బాలు అటుదిటు చేశాను. చిన్న శబ్దం ఎడమవైపుకు మారింది.

రెండూ తిప్పి పంపుతున్నాను. మీకు తీరిక ఉన్నప్పుడు చూడండి. తొందర లేదు.

ఇక్కడ రెండు రోజులుగా గాలి. కిటికీ రెక్క ఒకటి ఊడితే తాడుతో కట్టాను. గదిలో నాది ఒకటే కుర్చీ, దాని కాలు ఊగుతోంది. ఆదివారం మధ్యాహ్నమంతా దానితోనే సరిపోయింది. అట్టముక్క మడిచి పెడితే ఒకవైపు సరిపోతుంది, రెండోవైపు లేస్తుంది. కౌంటరు విషయం ఇంకా తేలలేదు. ఒంట్లో బాగాలేదని రెండు రోజులు సెలవు పెట్టాను. పెద్దగా ఏం లేదు, నిద్ర చాలడం లేదు అంతే. పిన్నికి చెప్పకండి.

మీ చెవులపిల్లి


సెప్టెంబరు 3

చెవులపిల్లీ,

రెండూ పూర్తిగా విప్పి మొదటి నుంచి చుట్టాను. పదమూడు రోజులు పట్టింది. ఒకప్పుడు ఇది రెండు రోజుల పని. ఇదే పార్సిల్లో ఉన్నాయి.

మీటరు రెండూ సమానమనే చెబుతోంది. ముందూ అదే చెప్పింది, నువ్వు పంపినప్పుడూ అదే చెప్పింది. మోటారు షాపు అతని మీటరు తెప్పించి చూశాను, అదీ అదే చెప్పింది. రెండు మీటర్లు ఒకమాట, మా పిల్ల చెవి ఒకమాట. నేను ఎవరిని నమ్ముతానో నీకు తెలుసు.

కాబట్టి ఇవి నేను చుట్టే ఆఖరివి. మిషను అతనికి ఇస్తానని మాటిచ్చాను. పదిహేనో తేదీన మనిషిని తీసుకుని వస్తాడు. ఫ్యాన్లూ మోటార్లూ చుట్టుకుంటాడు. వాటికి పది చుట్లు అటూ ఇటూ అయినా గాలి వస్తుంది.

నువ్వేం నొచ్చుకోకు. చెప్పాల్సింది చెప్పావు. ఎవరూ చెప్పకపోతే ఇంకో రెండేళ్లు తప్పుడు పని చేసి జనాన్ని మోసం చేసేవాణ్ణి.

బాబాయ్

అమ్మాయీ, ఇది పిన్నిని. ఆయన పడుకున్నాక ఈ నాలుగు ముక్కలు కలుపుతున్నాను. పొద్దున్నే లేచి బల్ల ముందు కూర్చుంటారు. మిషను తుడుస్తారు, మళ్లీ గుడ్డ కప్పుతారు. చేతులు ఒళ్లో పెట్టుకుని వాటి వైపే చూస్తుంటారు, ఎవరివో అన్నట్టు. నేను వంటింట్లోంచి ఎంత గట్టిగా మాట్లాడినా ఏమీ అనడం లేదు. నాకు అదే బాగాలేదు.


సెప్టెంబరు 10

బాబాయ్‌కి, పిన్నికి,

మిషను ఇవ్వకండి. ఈ ఉత్తరం పదిహేనులోగా అందాలి. అందకపోతే, అతను వచ్చినా ఏదో ఒకటి చెప్పి పంపేయండి.

మీ పార్సిల్ ఏడో తేదీన వచ్చింది. బిగించి విన్నాను. కుడివైపు అలాగే చిన్నగా ఉంది. అప్పుడు కుర్చీ తిప్పి, స్పీకర్లకు వీపు పెట్టి కూర్చున్నాను. అలా కూర్చుంటే ఎడమ స్పీకరు నా కుడిచెవి వైపుకు వస్తుంది. చిన్న శబ్దం ఎడమ స్పీకరుకు మారిపోయింది. మళ్లీ ఇటు తిరిగాను. మళ్లీ కుడికి వచ్చింది.

తప్పు చుట్లలో లేదు బాబాయ్. నాలో ఉంది.

నిన్న చెవి డాక్టరు దగ్గరకు వెళ్లాను. చెవి వెనక ఎముక మీద రెండు కొమ్ముల ఇనుప కడ్డీ ఒకటి మోగించి పెట్టారు. గాజు గదిలో కూర్చోబెట్టి, వినపడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. నాకు అసలేమీ వినపడని చోట కూడా ఆయన చెయ్యి కదులుతూనే ఉంది. కుడిచెవి నరం చాలావరకు పోయిందన్నారు. ఎందుకో చెప్పలేమన్నారు. తిరిగి రాదట. ఎడమది బాగానే ఉంది. ఎప్పటి నుంచి అని అడిగితే తెలియదన్నాను. ఫోను కుడిచెవికి పెట్టుకుంటారా అని అడిగారు. అవునన్నాను.

ఫోను పాడవలేదు. లైబ్రరీలో ఎవరికీ క్రమశిక్షణ పెరగలేదు. ఆ పెద్దాయన తోటపని పుస్తకమే అడిగి ఉంటారు, నేను విన్నది నోటుపుస్తకం. ఉన్న ఒక్క చెవితో రెండు చెవుల పని చేస్తుంటే సాయంత్రానికి అలసట వస్తుందట. డాక్టరు అలా అన్నాక, నాకు ఎందుకో కొంచెం ఊరటగా అనిపించింది. బద్ధకం కాదన్నమాట.

మీ చేతులు వణకడం లేదు. మీ మొదటి జత కూడా సరిగ్గానే ఉంది. మీటర్లను నమ్మండి. నా చెవిని నమ్మకండి.

మీ అమ్మాయి


సెప్టెంబరు 24

చెవులపిల్లీ,

"మీ అమ్మాయి" అని సంతకం పెట్టావు. ఆ పేరుతో మా ఇంటికి ఉత్తరాలు రావు. పోస్టుమాన్ ఒప్పుకోడు.

నీ ఉత్తరం పద్నాలుగున అందింది. పిన్ని చదవబోయి, సగంలో ఆపి, కళ్లజోడు తీసి తుడుచుకుని నాకిచ్చింది. మిగతాది నేనే చదివాను. తర్వాత ఆ పూటంతా సైగలతోనే కాపురం చేశాం. ఈసారి నేను ఆంక్ష పెట్టలేదు.

మర్నాడు మోటారు షాపు అతను ఇద్దరు మనుషుల్ని, తోపుడుబండిని తీసుకుని వచ్చాడు. "మాటిచ్చి తప్పుతారా పెద్దాయనా?" అన్నాడు. "నే పట్టిన కుందేలుకు ఒకటే చెవిరా, దాని కోసం ఇంకా చుట్టాల్సింది ఉంది" అన్నాను. వాడికి అర్థం కాలేదు. కుందేలుకు మూడే కాళ్లు కదండీ అని సామెత సరిదిద్దబోయాడు. పిన్ని టీ ఇచ్చి, ఖాళీ బండితో పంపింది.

ఇప్పుడు విను. ఎడమచెవి ఇటు తిప్పి విను. రెండు డబ్బాలూ తీసి దాచిపెట్టు. ఈ పార్సిల్లో ఒకటే ఉంది. కార్ట్రిడ్జ్ కడుపులోని ఎడమ చుట్టునూ కుడి చుట్టునూ ఈ డబ్బాలోనే ఒకదాని వెనక ఒకటి కలిపేస్తున్నాం. అప్పుడది నలభై కాదు, ఎనభై ఓములు. పదింతలంటే ఎనిమిది వందలు. ఒకటికి పది పెడితే పాత నాలుగు వందల డెబ్భైయే, బరువెక్కువవుతుంది. అందుకని ఒకటికి ఏడు చుట్టాను. భాగిస్తే తొమ్మిది వందల యాభై పైచిలుకు. గొంతులు రెండూ కలిశాయి కాబట్టి శబ్దానికి ఏడు చాలు. ఇటు రెండు వందలు, అటు పద్నాలుగు వందలు. కుక్కర్ రెండుసార్లు కూసింది. లెక్క తప్పలేదు.

దీన్ని ఆంప్లిఫయరులో ఎడమ రంధ్రానికే పెట్టు. ఎడమ స్పీకరు ఒక్కటి చాలు. కుడివైపు వాళ్లందరూ ఎడమవైపుకు వచ్చి నిలబడతారు. ఎవరూ పక్కగదిలో ఉండరు. గొంతుకు తగ్గట్టు చుట్టాలని నేర్చుకున్నాను గానీ, వినే చెవికి తగ్గట్టు కూడా చుట్టొచ్చని ఇన్నేళ్లూ తోచలేదు.

ఒక మాట. నన్ను క్షమించండి అని ఆగస్టులో రాశావు. నీ చెవి నిన్ను మోసం చేసింది. నువ్వు నన్ను చేయలేదు. విన్నది విన్నట్టు రాశావు, నేను నీ దగ్గర ఎప్పుడూ కోరింది అదే. ఇక ఆ మాట రాయకు.

పది రోజులు వచ్చి ఉంటానన్నావు. "ఆఁ" అన్నావు. గుర్తుందిగా.

బాబాయ్

పిన్ని: రైల్లో కిటికీ పక్కన, కుడిచెవి కిటికీ వైపు ఉండేలా కూర్చో. పక్కవాళ్లు ఏమన్నా వినపడుతుంది. వినాలని లేకపోతే కుడిచెవి వాళ్లవైపు తిప్పి కూర్చో. నీకిప్పుడు ఆ సదుపాయం ఉంది.


అక్టోబరు 4

బాబాయ్‌కి, పిన్నికి,

డబ్బా ఒకటే, చిన్నది, ఎర్ర చుక్క లేనిది, వచ్చింది. కాగితం మీద మీ అక్షరాలు ఈసారి తిన్నగా ఉన్నాయి.

ఆదివారం బిగించాను. ఎడమ స్పీకరును కుర్చీ పక్కకు జరుపుకున్నాను. మొదట ఎవరో గొంతు సవరించుకున్నారు. అది ఎడమవైపు ఎవరో అనుకునేదాన్ని. కాదు, ఆ దగ్గు ఒకరిది కాదు. కుడివైపు కూడా ఒకరు దగ్గారు. అది ఇన్నాళ్లూ నాకు వినపడలేదు. తర్వాత అందరూ కలిసి పాడారు. రెండో వరస చివరి గొంతును విడిగా పట్టుకోలేకపోయాను. నేను మెల్లగా పాడేదాన్ని. కానీ ఆ వైపు ఎవరూ పక్కగదిలో లేరు. టైలరమ్మ పైకొచ్చి గుమ్మంలో నిలబడింది. ఆమె ఏదో అంది. నేను ఎడమచెవి అటు తిప్పి, "ఏమిటండీ?" అన్నాను. "ఏం లేదమ్మా, మళ్లీ పెట్టు" అంది.

లైబ్రరీలో మా పెద్ద లైబ్రేరియన్‌కు చెప్పాను. చెప్పాలని నిర్ణయించుకోవడానికి వారం పట్టింది, చెప్పడానికి అర నిమిషం పట్టింది. కౌంటరుకు ఎవరినో వేరేవాళ్లను చూస్తామన్నారు. గోడ నాకు కుడివైపు ఉండేలా నా బల్లను జరిపించారు.

వచ్చే నెల మొదటి వారంలో సెలవు దొరుకుతుంది. పది రోజులూ ఉంటాను. మీ బల్ల కింద ఇప్పుడు పట్టను.

మీ చెవులపిల్లి

తా.క. క్షమించమని రాయవద్దన్నారు కాబట్టి రాయడం లేదు. తప్పు తీగలో ఉంటే విప్పి మళ్లీ చుట్టవచ్చు కదా అనుకున్నాను, అంతకన్నా ఏమీ ఆలోచించలేదు. ఆగస్టులో డబ్బాలు అటుదిటు చేసినప్పుడు చిన్న శబ్దం ఎడమకు మారలేదు, కుడివైపే ఉంది. కుర్చీ తిప్పింది ఆ ఆదివారం మధ్యాహ్నమే. మీకు ఉత్తరం రాసింది మర్నాడు.